పనిముట్లను పొందుపఱచుకొను విద్య

బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని మండలముల గ్రామముల నుండి నిజామాబాదునకు వచ్చి, పాలిటెక్నిక్‌లోనో, గిరిరాజ్ కళాశాలలోనో, డిచ్‌పల్లి యందలి తెలంగాణ విశ్వవిద్యాలయములోనో చదువుకొనుచు, సీ భాష నేర్వగోరి ఒక ల్యాప్‌టాప్ సమకూర్చుకొనిన విద్యార్థికి మొదటి ఆటంకము ప్రోగ్రాము వ్రాయుటలో ఎదురుకాదు. వ్రాసినదానిని నడిపించుటలో ఎదురగును. ఎడిటర్ తెఱచి, పుస్తకములోని అయిదు పంక్తులను తప్పులేకుండ ఎక్కించి, మీట నొక్కినంతనే, 'జీసీసీ' అను ఆజ్ఞను గుర్తింపలేకపోతినని చెప్పు ఆంగ్ల వాక్యమొకటి తెరమీద నిలుచును. దానిని చూచి 'ఈ విద్య నాకు రాదు' అని తీర్మానించుకొనువారు అనేకులు. వారి ప్రోగ్రామున దోషము లేదు. వారి బుద్ధియందును లోపము లేదు. కంపైలరు ఎక్కడ నున్నదో ఆ యంత్రమునకు ఎవరును చెప్పలేదు, అంతియే. ఇంత స్వల్పకారణమునకు ఇంతటి నిరుత్సాహము కలుగుచున్నది గనుకనే, పనిముట్ల అమరికను గూర్చిన అధ్యాయమునకు వ్యక్తిత్వ వికాస గ్రంథమున చోటు కల్పించుట యుక్తము.

తన సాధనములను తానే అమర్చుకొనజాలినవానికి గలుగు ధైర్యము, ఒకరు అమర్చి యిచ్చినదానిని వాడుకొనువానికి గలుగదు. స్నేహితుని కంప్యూటరు నుండి ఫైళ్ళను నకలు చేసికొని ఎట్లో పని గడుపుకొనినవాడు, ఆ యేర్పాటు చెడిన దినమున మరల ఆ స్నేహితుని వెదకికొని పోవలసినదే. అమరికయందలి ప్రతి అంచె ఏమి చేయునో ఎఱిగినవాడు మాత్రము 'పనిచేయుట లేదు' అని ఊరకుండడు. 'ఏ అంచెయొద్ద ఆగినది?' అని అడుగును. భయమును ప్రశ్నగా మార్చుకొనుటయే ఈ అధ్యాయము నేర్పదలచిన విద్య.

ఎడిటర్ వేఱు, కంపైలర్ వేఱు

చిరకాలము మన కళాశాలల ల్యాబులలో విద్యార్థులు సీ భాషను టర్బో సీ నీలితెర మీదనే నేర్చిరి. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన ఆ సాధనమున వ్రాయు చోటు, అనువదించు యంత్రము, ముక్కలను కూర్చు యంత్రము అన్నియు ఒకే కిటికీలో ఇమిడియుండెను. ఆనాటి చిన్న కంప్యూటర్లకు అది గొప్ప సౌకర్యమే. కాని దానితోడనే పెరిగిన విద్యార్థి మనస్సున, వ్రాయుటయు అనువదించుటయు ఒకే క్రియ యను భావము గాఢముగా నాటుకొనినది.

నేడు ఎక్కువమంది వాడుచున్న విజువల్ స్టూడియో కోడ్, మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో లోకమునకు పరిచయము చేసినది, కేవలము ఎడిటర్. దానియందు సీ కంపైలరు లేదు. ఫైలు తెఱచుట, అక్షరములను భద్రపఱచుట, పదములకు రంగులు వేయుట, మీరు కోరినపుడు మఱియొక ప్రోగ్రామును పిలిచి అది చెప్పిన సమాధానమును మీకు చూపుట: ఇంతవఱకే దాని పని. అనువాద కార్యమును నిర్వహించు జీసీసీ, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమములో భాగముగా 1987లోనే తొలిసారి వెలువరించినది. ఒక దానిని చేసినవారు వేఱు, రెండవదానిని చేసినవారు వేఱు. వీనికి పరస్పర పరిచయము కలిగించు బాధ్యత వాడుకొనువానిదే. ఈ సంగతి నొకసారి గ్రహించినవానికి సగము చిక్కు విడిపోవును.

నాలుగు అంచెలు

కంపైలరు పని తెలియుటకు మన ప్రాంతపు శక్కర కర్మాగారమే మంచి పోలిక. మంజీర నదిమీద నిజాంసాగరము 1931 నాటికి పూర్తియై కాలువలు పాఱిన పిదపనే ఈ ప్రాంతమున చెఱకు విస్తరించినది. ఆ చెఱకును నమ్ముకొనియే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడినను, అందు పనిచేసిన పెద్దలు ఇంకను బోధన్‌లో నున్నారు. వారి నడిగిన చెప్పుదురు: చెఱకు ఒక్కసారిగా శక్కర కాదు. గానుగలలో నలిగి రసమగును. ఆ రసము సున్నముతోను గంధకపు పొగతోను తేటపడును. ఆవిరి పాత్రలలో చిక్కని పానకమగును. వ్యాక్యూమ్ పాన్‌లో పలుకులు కట్టును. చివరకు గిరగిర తిరుగు యంత్రములలో మడ్డి వేఱుపడి శక్కర నిలుచును. ప్రతి అంచెయొద్దను కెమిస్టు నమూనా తీసి పరీక్షించును. శక్కర రంగు తప్పినచో ఆయన నిండిన బస్తాను చూచుచు కూర్చుండడు. వెనుకకు నడచి, ఏ అంచెలో తేడా వచ్చినదో కనుగొనును.

కంపైలరు పనియు ఇట్లే అంచెలంచెలుగ సాగును. మీరు వ్రాసిన ఫైలును మొదట ప్రీప్రాసెసర్ తీసికొని, 'ఇన్‌క్లూడ్' అని మీరు పేర్కొనిన హెడర్ ఫైళ్ళను ఆ చోటనే పఱచును. రెండవ అంచెలో అసలు కంపైలరు దానిని అసెంబ్లీ భాషలోనికి దించును. మూడవ అంచెలో అసెంబ్లర్ దానిని యంత్రభాషగా మార్చి ఆబ్జెక్ట్ ఫైలును సిద్ధపఱచును. నాల్గవ అంచెలో లింకర్ ఆ ఆబ్జెక్ట్ ఫైళ్ళను, 'ప్రింట్‌ఎఫ్' వంటి పనుల అసలు శరీరము దాగియున్న లైబ్రరీలను ఏకము చేసి, నడువగల ప్రోగ్రామును నిర్మించును.

ఈ అంచెలను కంటితో చూడవచ్చును. జీసీసీ ఆజ్ఞకు హైఫనును పెద్ద 'ఈ' అక్షరమును జోడించినచో మొదటి అంచె ముగియగనే ఆగును; మీ అయిదు పంక్తుల ఫైలు హెడర్‌తో కలిసి వందల పంక్తులుగా విస్తరించుట కనబడును. హైఫనును పెద్ద 'ఎస్' అక్షరమును జోడించినచో అసెంబ్లీ భాషయొద్ద ఆగును. హైఫనును చిన్న 'సీ' అక్షరమును జోడించినచో ఆబ్జెక్ట్ ఫైలు నిచ్చి ఆగును. ఏదియు జోడింపనిచో నాలుగు అంచెలను దాటి పోవును. ఈ మూడు ప్రయోగములను స్వహస్తముతో చేసిన విద్యార్థి, పుస్తకమున పది పుటలు చదివినవానికంటె ఎక్కువ తెలిసికొనును.

అమర్చుకొను క్రమము

అమరికయందు క్రమమే ప్రధానము. ఒక మెట్టు నిలిచినదని నిశ్చయించుకొనిన పిదపనే రెండవదానిపై కాలు మోపవలెను.

మొదటి మెట్టు కంపైలరును తెచ్చుకొనుట. విండోస్ కంప్యూటరుగలవారు ఎంసిస్2 అను పంపిణీని స్థాపించుకొనవచ్చును. అది సీ డ్రైవున తనకుతాను కోరుకొను ఫోల్డరును మార్పకుండుట శ్రేయస్కరము. ఏలయనగా పేరు నడుమ ఖాళీలుగాని ఆంగ్లేతర లిపిగాని గల ఫోల్డర్లలో కొన్ని పనిముట్లు దారి తప్పును. దానియందలి యూసీఆర్‌టీ64 కిటికీని తెఱచి, పాక్‌మన్ అను సాధనముచేత జీసీసీని, దోషములు వెదకు డీబగ్గరైన జీడీబీని స్థాపింపవలెను. ఉబుంటు వాడువారికి ఏపీటీ ద్వారా 'బిల్డ్-ఎసెన్షియల్' అను కట్టను, జీడీబీని తెచ్చుకొనిన చాలును.

రెండవ మెట్టు 'పాత్' అను జాబితా. మీరు ఒక ఆజ్ఞ పేరును టైపు చేసినపుడు, విండోస్ ఆ పేరుగల ప్రోగ్రామును డిస్కంతయు గాలింపదు. పాత్‌లో వ్రాసియున్న ఫోల్డర్లలోనే ముఖ్యముగా, వ్రాసిన వరుసలో వెదకును. జీసీసీ ఉన్న 'బిన్' ఫోల్డరు పేరు అందు లేనిచో, అధ్యాయారంభమున చెప్పిన వాక్యము ప్రత్యక్షమగును. సిస్టమ్ సెట్టింగులలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు పోయి ఆ ఫోల్డరు పేరును చేర్పుడు. చేర్చిన తరువాత, తెఱచియున్న టెర్మినలును ఎడిటరును పూర్తిగా మూసి మరల తెఱువుడు. ప్రతి ప్రోగ్రాము తాను ప్రారంభమైన క్షణమున ఉన్న పాత్‌నే తనతో తీసికొనిపోవును గాని, పిదప జరిగిన మార్పును ఎఱుగదు. ఈ చిన్న కారణము తెలియక, సరిగా చేసిన అమరికనే తప్పుగా భావించి చెఱుపుకొనినవారు చాలమంది.

మూడవ మెట్టు పరీక్ష. దీనిని ఎడిటర్ సాయము లేకుండ చేయవలెను. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌ను తెఱచి జీసీసీ వెర్షనును అడుగుడు. ఉత్తరము వచ్చినచో కంపైలరు కుదిరినది. అటుపిమ్మట 'వేర్ జీసీసీ' అని అడుగుడు. ఒక్క చిరునామా వచ్చిన మంచిదే. రెండు వచ్చినచో, ఇదివరకు కోడ్‌బ్లాక్స్ వంటి సాధనముతో వచ్చిన పాత కంపైలరు ఇంకను నిలిచియున్నదన్న మాట. జాబితాలో ముందున్నదే పిలువబడును. కొత్తది ముందుండునట్లు వరుస మార్పుడు. ఈ మూడవ మెట్టు కుదురనంతవఱకు ఎడిటరు సెట్టింగులను ముట్టరాదు. ఈ అధ్యాయమున ఒక్క నియమమునే జ్ఞాపకముంచుకొనదలచినచో, ఇదియే ఆ నియమము.

నాల్గవ మెట్టు ఎడిటరునకు పరిచయము చేయుట. ఫైలు నొక్కదానిని గాక, దానిని కలిగిన ఫోల్డరును తెఱువుడు. ఎడిటర్ ఆ పనికి సంబంధించిన సెట్టింగులను ఆ ఫోల్డరులోనే దాచును. మైక్రోసాఫ్ట్ వారి సీ ఎక్స్‌టెన్షన్‌ను స్థాపించి, దాని కంపైలర్ పాత్‌గా మీ జీసీసీ చిరునామా నిండు. టెర్మినల్ మెనూలోని బిల్డ్ టాస్క్‌ను ఎంచుకొనగా 'టాస్క్స్' అను ఫైలొకటి పుట్టును. దానిని భయపడక తెఱచి చదువుడు. అందున్నది మీరు నాలుగు అంచెల ప్రయోగములలో చేతితో టైపు చేసిన ఆజ్ఞ వంటిదే. ఎడిటర్ దానిని మీ పక్షమున టైపు చేయును. ఆ ఆజ్ఞకు 'వాల్' అను సూచనను చేర్చినచో సందేహాస్పదములైన పంక్తులపై వార్నింగులు వచ్చును. 'జీ' అను సూచనను చేర్చినచో డీబగ్గర్‌కు కావలసిన ఆనవాళ్ళు ప్రోగ్రామున నిలుచును. ఈ రెండును లేకుండ అభ్యాసము చేయుట తగదు.

ఎడిటర్‌లో వ్రాయుచుండగనే పదముల క్రింద కనబడు ఎఱ్ఱగీతలు కంపైలరు గీచినవి కావని కూడ గుర్తింపవలెను. వానిని ఎక్స్‌టెన్షన్ తన సొంత అవగాహనతో గీచును. కనుకనే ఎఱ్ఱగీతలుండియు ప్రోగ్రాము నడచుట, గీతలు లేకయు ఆగుట రెండును సంభవించును. భేదము వచ్చినపుడు కంపైలరు మాటయే ప్రమాణము; ఎక్స్‌టెన్షన్‌కు ఇచ్చిన కంపైలర్ చిరునామాను మరల సరిచూచుకొనుడు.

జ్ఞాపకశక్తి తక్కువగల పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు చిన్నబుచ్చుకొననక్కఱలేదు. జీనీ వంటి తేలికైన ఎడిటరుతోను, టెర్మినలుతోను ఇదే విద్యను ఇంతే సంపూర్ణముగా అభ్యసింపవచ్చును.

దోష వాక్యమును చదువు పద్ధతి

కంపైలరు చెప్పు దోషవాక్యము మందలింపు కాదు, చిరునామా. అందు మొదట ఫైలు పేరు, తరువాత పంక్తి సంఖ్య, పిదప ఆ పంక్తిలోని స్థానము, ఆ తరువాత అది ఎర్రరో వార్నింగో, చివరకు కారణము వరుసగా నుండును. ముప్పది దోషములు ఒక్కసారి కనబడినను మొదటిదానిని మాత్రమే దిద్ది మరల కంపైల్ చేయవలెను. ఒక సెమికోలన్ లోపించినంత మాత్రమున దాని దిగువ పంక్తులన్నియు కంపైలరునకు అర్థవిహీనములు కావచ్చును గదా. చూపిన పంక్తి నిర్దోషముగా నున్నచో దాని పై పంక్తిని పరిశీలించుడు.

ఒక ఉదాహరణము. టర్బో సీతో నేర్చినవారు తెరను తుడుచుటకు 'క్లియర్‌స్క్రీన్' అను అర్థముగల 'సీఎల్ఆర్ఎస్సీఆర్' పిలుపును అలవాటుగా వ్రాయుదురు. అది బోర్లాండ్ వారి లైబ్రరీకి చెందినదే కాని సీ భాష ప్రమాణమునకు చెందినది కాదు. పూర్వపు జీసీసీ దీనిని ఒక వార్నింగుతో విడిచిపెట్టెడిది. నాల్గవ అంచెలోని లింకర్ ఆ పేరుగల శరీరమును ఎక్కడను కానక 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని ఆపెడిది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుండి ప్రకటింపని పిలుపును రెండవ అంచెలోనే ఎర్రరుగా నిలుపుచున్నారు. తప్పు ఒక్కటే, ఆగిన అంచెలు వేఱు. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అను మాట కనబడినచో మీ వాక్యరచనను తిరుగదిద్దుచు కూర్చుండకుడు. లింకర్‌కు అందవలసిన వస్తువేదో అందలేదని గ్రహింపుడు. ఆ మాట ప్రక్కన 'విన్‌మెయిన్' అని యున్నచో, బహుశః మీరు ఫైలును సేవ్ చేయుట మఱచి ఖాళీ ఫైలునే కంపైల్ చేసియుందురు. 'మెయిన్' లేని ప్రోగ్రామును విండోస్‌మీద లింకర్ ఈ విధముగా ఆక్షేపించును.

కాటా చిట్టీ లెక్క

అమరిక పూర్తియైన పిదప ఊరిలోని లెక్కనొకదానిని తీసికొని దానిని పరీక్షింపవలెను. చెఱకు పండించిన కుటుంబములకు కాటా చిట్టీ కొత్త గాదు. నిండు లారీ బరువు 26,370 కిలోలు, ఖాళీ లారీ బరువు 7,720 కిలోలు అనుకొందము. నికరము 18,650 కిలోలు. 2024-25 సీజనుకు కేంద్ర ప్రభుత్వము 10.25 శాతము శక్కర రికవరీకి నిర్ణయించిన న్యాయమైన, లాభదాయకమైన ధర (ఎఫ్.ఆర్.పి.) క్వింటాలుకు 340 రూపాయలు. విద్యార్థి అన్ని సంఖ్యలను 'ఇంట్'గా ప్రకటించి, నికరమును 100తో భాగించి, వచ్చిన క్వింటాళ్ళను 340తో హెచ్చించెననుకొందము. కంపైలరు ఒక్క వార్నింగు నీయక అంగీకరించును. ప్రోగ్రాము 63,240 రూపాయలని చెప్పును. కాగితముమీద లెక్క వేసినచో 63,410 రావలెను. రైతుకు 170 రూపాయలు తగ్గినవి.

ఇచ్చట డీబగ్గర్ అక్కఱకు వచ్చును. భాగహారమున్న పంక్తియొద్ద ఎఫ్9 నొక్కి ఆపుదల పెట్టి, ఎఫ్5తో నడిపి, ఎఫ్10తో ఒక్కొక్క పంక్తిని దాటుచు ప్రక్కనున్న విలువలను చూడుడు. క్వింటాళ్ళ యొద్ద 186.5 ఉండవలసినచోట 186 కనబడును. పూర్ణాంకమును పూర్ణాంకముతో భాగించినపుడు సీ భాష శేషమును విడిచివేయును. అర క్వింటాలు అచ్చటనే రాలిపోయినది. ముందుగా హెచ్చించినచో ఈ నష్టము తప్పును: 18,650ని 340తో హెచ్చింపగా వచ్చు 63,41,000 అనునది పైసలలో ఆ సొమ్మే, దానిని రూపాయలలోనికి మార్చుట చివరి పని. కంపైలరు భాషాదోషములను పట్టును గాని న్యాయాన్యాయములను విచారింపదు. ఆ విచారణ ప్రోగ్రాము వ్రాసినవానిది. తన లెక్కమీద ఒక కుటుంబపు ఏడాది కష్టము ఆధారపడవచ్చునన్న ఎఱుక ప్రోగ్రామరునకు ఎల్లప్పుడు ఉండవలెను.

ఈ ప్రోగ్రామునే, శేషము దిద్దకమునుపు ఉన్నది ఉన్నట్లు, పాత టర్బో సీలో నడిపినచో ఇంకొక వింత గోచరించును. అందు 'ఇంట్'కు 16 బిట్లు మాత్రమే. 32,767కు మించిన సంఖ్య పట్టదు. 63,240కి బదులు రైతుకు రావలసిన సొమ్ము మైనస్ 2,296 అని అచ్చగును. నేటి జీసీసీలో 'ఇంట్'కు సాధారణముగా 32 బిట్లుండుటచే ఈ ఆపద లేదు. ఒకే ప్రోగ్రాము, రెండు కంపైలర్లు, రెండు ఉత్తరములు! తాను ఏ కంపైలరుతో, ఏ వెర్షనుతో పనిచేయుచున్నాడో తెలిసికొనుట ఎందులకని యడుగువారికి ఇదియే సమాధానము.

రైతు పేరును, ఊరి పేరును తెలుగులో అచ్చువేయగోరువారు మఱియొక సంగతి గమనింపవలెను. ఎడిటర్ ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపఱచును. అందు ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. 'బోధన్' అను పేరు బ, ఓత్వము, ధ, న, పొల్లు అను 5 సంకేతముల కూర్పు గనుక, దాని పొడవు నడిగినచో సీ భాష 15 అని చెప్పును. పేర్లకు చోటు కేటాయించునపుడు దీనిని లెక్కలోనికి తీసికొనుడు. విండోస్ టెర్మినలులో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడినచో కోడ్‌పేజీని 65001కి మార్చి చూడుడు.

అభ్యాసము

ఈ అధ్యాయమును చదివి మూసివేసినచో ప్రయోజనము స్వల్పము. ఒక నోటుబుక్కు తీసికొని, మీ కంపైలరు పేరును, వెర్షనును, అది యున్న ఫోల్డరును, మీరు పాత్‌లో చేర్చినదానిని, టాస్క్స్ ఫైలులోని ఆజ్ఞను సొంత మాటలలో వ్రాసికొనుడు. తరువాత ఒక సెలవు దినమున మీ ప్రోగ్రామున్న ఫోల్డరులోని ఎడిటరు సెట్టింగులను తొలగించి, నోటుబుక్కు చూడకుండ మొదటినుండి అమర్చుడు. ఎచ్చట తడబడితిరో ఆ చోట మాత్రము పుస్తకము తెఱువుడు. పిదప బుద్ధిపూర్వకముగా ఒక్కొక్క అంచెను చెఱచి చూడుడు: పాత్‌లోని పేరును తీసివేయుడు, సెమికోలన్ తొలగింపుడు, లేని ఫంక్షనును పిలువుడు. ప్రతిసారి ఏ వాక్యము వచ్చునో వ్రాసికొనుడు. తానే కావించిన దోషమును గుర్తుపట్టనేర్చినవాడు అనుకొనకుండ వచ్చిన దోషమునకు కలవరపడడు.

చివరిది, ముఖ్యమైనది. మీ వెనుక వచ్చిన విద్యార్థి సాయమడిగినపుడు అతని కీబోర్డును మీరు తీసికొనకుడు. అతని ప్రక్కన కూర్చుండి, 'ఏ అంచెయొద్ద ఆగినది?' అని అడుగుడు. వేళ్ళు అతనివే కానిండు. 2023 ఆగస్టులో నిజామాబాదున ఐ.టి. హబ్ ప్రారంభమైనది. ఈ జిల్లాలో భవనములు, యంత్రములు ఇక ముందును రావచ్చును. కాని వానియందు నిలిచి పనిచేయవలసిన ఆత్మవిశ్వాసము ప్రభుత్వమో సంస్థయో నిర్మించి యిచ్చునది కాదు. తన పనిముట్లను తాను అమర్చుకొని, తన దోషమును తాను వెదకి దిద్దుకొని, ఆ విధమును ఇంకొకరికి ఓపికతో నేర్పిన ప్రతి విద్యార్థి దానిని కొంచెము కొంచెముగా స్వయముగా నిర్మించుకొనును.